ముందు ఇల్లు, తర్వాత రొట్టె

కొండల కింది కరకోల్ ఊరి బజారులో బూట్లు బాగుచేసే ఎసెన్‌బెక్‌కు ఒంట్లో ఏ రోగమూ లేదు, ఒక్క మొహమాటం తప్ప. అది మాత్రం ఏ మందుకూ లొంగే రకం కాదు. అప్పు అడిగినవాడికి లేదనలేడు, బేరమాడేవాడికి కాదనలేడు. ఆఖరికి బస్సులో ఎవరైనా కాలు తొక్కినా తనే క్షమాపణ చెప్పుకుంటాడు. ఇలాంటి మనిషి ఇల్లు కొనడానికి బయల్దేరాడంటే ఊరికి నాలుగు రోజుల కాలక్షేపం దొరికినట్టే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడమని అనలేదంటే, బహుశా వాళ్లకు ఎసెన్‌బెక్ తెలిసే ఉంటాడు.

పదకొండేళ్లుగా అతనూ, భార్య అనార్‌కుల్ అద్దె గదుల్లోనే కాపురం చేస్తున్నారు. ఒక్కొక్క యజమానిదీ ఒక్కొక్క తిక్క. ఇప్పుడున్న ఇంటావిడకు గుమ్మం ముందు కొత్తవాళ్ల బూట్లు కనబడితే చాలు, "ఎవరొచ్చారు, ఎప్పుడు పోతారు?" అని కిటికీలోంచి అరిచేది. అందుకని వీళ్లింటికి చుట్టాలు రావడం మానేశారు. అనార్‌కుల్‌కు ఇదే పెద్ద దిగులు. గడప దాటి వచ్చినవాళ్లకు రొట్టె పెట్టలేని బతుకు ఏం బతుకని కళ్లనీళ్లు పెట్టుకునేది. పైగా ఆ ఇంటావిడ కొడుక్కి పెళ్లి కుదిరింది, మంచు పడేలోగా గది ఖాళీ చేయమంది.

సెప్టెంబరులో మొదటి ఇల్లు చూశారు. మా వైపు ఎవరి గడప తొక్కినా రొట్టె తుంపి నోట పెట్టుకోకుండా బయటికి రారు. అది ఇంటికిచ్చే మర్యాద. ఆ ఇంటాయన రొట్టె ఒక్కటే పెట్టి ఊరుకోలేదు. నేరేడు రంగు గుడ్డ పరిచి, వెన్నా, ఆప్రికాట్ పాకమూ, వేడివేడి బూరెలూ పెట్టాడు. ఎసెన్‌బెక్ కడుపారా తిన్నాడు. ఉప్పు తిన్న ఇంట్లో కాగితాలు చూపించమని ఏ నోటితో అడుగుతాడు?

"ఇల్లు నచ్చింది అన్నా. ఖాయం చేసుకుందాం" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

కాగితాలు అడిగింది అనార్‌కుల్. చూస్తే ఇల్లు ఎప్పుడో పోయిన తండ్రి పేరునే ఉంది. సంతకం పెట్టాల్సిన తోబుట్టువులు ముగ్గురు, వాళ్లలో ఒకరి జాడే లేదు.

రెండో ఇంట్లో కాగితాలు దివ్యంగా ఉన్నాయి. గోడకు నిలువెత్తు ఎర్ర తివాచీ వేలాడుతోంది. ఎసెన్‌బెక్ దాని కిందే చేరగిలబడి, మాంసం ముక్కలతో చేసిన పులావు లాగించి, "చల్లగా, హాయిగా ఉంది" అన్నాడు. ఉండదూ మరి? అనార్‌కుల్ తివాచీ అంచు ఎత్తి వెనక చెయ్యి పెడితే అరచెయ్యి తడిసింది. గోడ నడుము దాకా చెమ్మే. అప్పటికే మాట ఇచ్చేసి ఉన్నాడు కనుక, ఇంటాయనకు కాదని చెప్పే పని ఆవిడ మీదే పడింది. ఆ వీధిలోంచి వెళ్లడానికి మొహం చెల్లక, ఎసెన్‌బెక్ నేటికీ బజారుకు చుట్టుదారినే పోతాడు.

ఇంటికొచ్చాక అనార్‌కుల్ దులిపేసింది.

"ఎవరైనా బూటు తెస్తే ముందేం చేస్తావు?"

"తిరగేసి అడుగు చూస్తాను."

"పైన ఎంత నిగనిగలాడినా?"

"పైన మెరుపుదేముంది, పాలిష్ వేస్తే వస్తుంది. అసలు సంగతి అడుగు చెప్తుంది."

"మరి ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోతుందయ్యా? వాళ్లు రొట్టె చూపిస్తే చాలు, గొర్రెలా తల ఊపుతావు. ఈసారి ఇల్లంతా తిరగేసేదాకా నీ నోట్లో మెతుకు పడితే నేను మా అమ్మావాళ్లింటికి పోతా."

అక్టోబరు ఆఖరున, మంచు కొండ సగానికి దిగిన రోజుల్లో మూడో ఇంటికి వెళ్లారు. షరీపా అపా ఒంటరి మనిషి; పెద్దవయసు ఆడవాళ్లను మా వైపు అపా, అంటే అమ్మా, అని పిలుస్తారు. దూరాన బలిక్చీ ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్ముతోంది. వీళ్లు వాకిట్లో అడుగుపెట్టేసరికే పొగలుకక్కే రొట్టెతో ఎదురొచ్చింది.

"నోట పెట్టుకో నాయనా."

ఎసెన్‌బెక్ గుటకలు మింగాడు. "పన్ను నొప్పి అపా."

"దూదిలా ఉంటుంది. పెదవికి తాకించు చాలు."

అనార్‌కుల్ వైపు చూశాడు. ఆవిడ కొండ వైపు చూస్తోంది.

"ముందు ఇల్లు చూస్తాను. తర్వాత రొట్టె. తప్పుగా అనుకోకండి అపా."

ముసలావిడ రొట్టె మీద గుడ్డ కప్పి లోపలికి తీసుకుపోయింది. కన్నతల్లిని చెంపదెబ్బ కొట్టినంత బాధపడ్డాడు ఎసెన్‌బెక్. ఇక ఈ ఇల్లు దక్కదనుకున్నాడు. పోయేది ఎలాగూ పోయింది, పనైనా సరిగ్గా చేద్దామని తివాచీలన్నీ ఎత్తాడు. అటక ఎక్కి దూలాలను బూట్లు కుట్టే ఆరెతో గుచ్చి చూశాడు. పొయ్యి రాజేస్తే పొగంతా గదిలోకే తన్నింది. కాగితాలు అడిగితే ఆవిడ రేకు పెట్టె తెచ్చి ముందు పెట్టింది, అన్నీ ఆవిడ పేరునే ఉన్నాయి. పక్కింటికి వెళ్లి తాగునీళ్ల సంగతి కూడా కనుక్కొచ్చాడు.

మొహం నిండా మసితో వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. "పొగగొట్టం పగిలింది అపా. ఉత్తరం వైపు దూలం ఒకటి పుచ్చింది. గోడలు మాత్రం గట్టివి. మీరడిగిన ధరకైతే నేను కొనలేను."

ఆ ముక్క అనడానికి అతనికి నలభై ఏళ్లు పట్టింది.

షరీపా అపా మసి తుడుచుకోమని గుడ్డ అందించింది. "ఎండాకాలం నుంచి పంతొమ్మిది మంది వచ్చారు. అందరూ నా రొట్టె తిన్నారు. ఇల్లు బంగారమన్నారు. మళ్లీ ఒక్కడూ తిరిగి రాలేదు. నువ్వు రొట్టె ముట్టనప్పుడే అనుకున్నా, కొనేవాడు వీడేనని."

"కోపం రాలేదా అపా?"

"ఎందుకు రాలేదూ? వచ్చింది. నువ్వు అటక ఎక్కాక పోయింది. నా మొగుడు పోయాక ఆ అటక ఎక్కినవాడే లేడు. సరే, నువ్వు పట్టుకోనిది ఇంకొకటుంది, అది నేనే చెప్తాను. మే నెలలో కొండ మంచు కరిగితే నేలగదిలోకి చీలమండ దాకా నీళ్లొస్తాయి. పది రోజులుంటాయి. అప్పటికి బంగాళాదుంపలు పైకి చేర్చుకోవాలి. ఇవన్నీ తీసేసి ధర చెప్తాను, విను."

చెప్పింది. అనార్‌కుల్ తమకు అందే ధరేనని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎసెన్‌బెక్ గొంతు సవరించుకున్నాడు.

"అపా, ఆ రొట్టె ఇంకా ఉందా?"

"పన్ను నొప్పన్నావు?"

"తగ్గింది."

నవంబరు రెండో వారంలో మొదటి మంచు పడింది. ఆ రోజే సామాను దింపుకున్నారు. మధ్యాహ్నానికి షరీపా అపా కారులో వచ్చింది, మరిచిపోయిన కుట్టుమిషను కోసం. ఇంజను ఆపకుండానే దాన్ని ఎక్కించుకుని, లోపలికి రానంది, దూరం పోవాలంది.

ఎసెన్‌బెక్ ఇంట్లోకి పరుగెత్తాడు. బాగుచేసిన పొయ్యి మీద అనార్‌కుల్ కాల్చిన మొదటి రొట్టెను రెండు చేతులా పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. పదకొండేళ్లలో తన గడప ముందు నిలబడి ఒకరికి రొట్టె అందించడం అతనికి ఇదే మొదటిసారి.

"మా వాకిట్లోంచి అలా వెళ్లిపోతే ఎలా అపా? నోట పెట్టుకుని వెళ్లండి."

ముసలావిడ కారు దిగింది. చిటికెడు తుంపితే మర్యాద తీరిపోయేది. కానీ ఆవిడ అరచేతంత ముక్క విరిచి, మంచులో నిలబడే మొత్తం తినేసింది.