ఎర్ర నూలు కట్టిన తలుపులు

నేను ఓవర్సీరుగా మందమర్రికి వెళ్ళినప్పుడు అక్కడ రైలు స్టేషను, ఒక బజారు, గనులకు పోయే రెండు మట్టి దారులు తప్ప చెప్పుకోదగ్గవేమీ లేవు. వానాకాలం వెళ్ళేసరికి బజారు వెనకంతా క్వార్టర్ల వరసలు లేచాయి. అన్నీ ఒకే నక్షా ప్రకారం కట్టినవి. ముందు చిన్న అరుగు, ఒక గది, వెనక వంటకు కాస్త చోటు, ఆకుపచ్చ రంగు వేసిన ఒంటి తలుపు. గోడలు నిలువుగా లేచాయా, నీళ్ళు బయటికి పోయే వాలు సరిగా ఉందా అని చూడటం నా పని. ఇళ్ళన్నీ ఒకేలా ఉంటే కట్టేవాళ్ళకు సులువు. వాటిలో ఉండేవాళ్ళ సంగతి అప్పుడు నా ఆలోచనలోకి రాలేదు.

నా గది పోలీసు చౌకీని ఆనుకుని ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయినా జనం పాత పిలుపులు వదల్లేదు. చౌకీలోని హెడ్ కానిస్టేబులు వాళ్ళకు జమేదార్ సాబ్. మంచిర్యాల నుంచి వచ్చిపోయే సబ్ ఇన్స్పెక్టరు అమీన్ సాబ్. జమేదారు కింద ఇద్దరు జవాన్లు, ఒక సైకిలు. ఊరు రెండింతలయినా ఆ సైకిలు రెండు కాలేదు.

జమేదారు చాలాకాలం చెన్నూరు వైపు పల్లెల్లో పనిచేసినవాడు. సాయంత్రం వరండాలో కూర్చుంటే ఆ రోజులే తలుచుకునేవాడు. "గాడ ఎవనిదన్న మేక పోతే ఏ ఇంట్ల కూరొండుతున్నరో వాసనకే దొరకవడుతుంటి ఓవర్సీర్ సాబ్. గీడ ఏ మొఖం చూసినా కొత్తదే. ఆ మొఖాలకు గూడ మసి వూసుకొని వస్తరు" అనేవాడు.

ఆ మాటలో నిజముంది. షిఫ్టు దిగిన మనుషులు తల నుంచి కాలి దాకా బొగ్గుపొడితో ఇళ్ళకు వచ్చేవాళ్ళు. స్నానం చేస్తే గానీ ఎవరు ఎవరో తెలిసేది కాదు.

క్వార్టర్లు నిండుతున్న రోజుల్లోనే దొంగతనాలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు నీళ్ళకు నల్లా దగ్గరికి పోయిన వేళ చూసి ఎవరో ఇళ్ళలో దూరుతున్నారు. పోయినవి పెద్ద వస్తువులు కావు: ఇత్తడి బిందెలు, ఒక లాంతరు, కొత్త దుప్పటి, పెళ్ళిలో పెట్టిన కంచు చెంబు. కానీ పోగొట్టుకున్నవాళ్ళకు ఇంట్లో ఉన్న సామాను కూడా దాదాపు అంతే. అమీన్ సాబ్ వచ్చి, తను మళ్ళీ వచ్చేలోపు దొంగ చౌకీలో కూర్చుని ఉండాలని జమేదారుకు గట్టిగా చెప్పి వెళ్ళాడు. జవాన్లు గస్తీ తిరగడానికి వీలుగా ఉంటుందని జమేదారు అడిగితే నేను కాలనీ నక్షా గీసి ఇచ్చాను. ప్రతి ఇంటికీ నంబరు వేశాను. నక్షాలో మాత్రమే. తలుపుల మీద నంబర్లు రాయవలసిన పెయింటర్ ఇంకా రాలేదు.

ఒక మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగిన కొంతసేపటికి, ఒక గుంపు చౌకీకి వచ్చింది. మధ్యలో ఒక యువకుడు. ఒళ్ళంతా బొగ్గు, చొక్కా చిరిగి ఉంది, పెదవి వాచింది. అతని చేతుల్ని తువ్వాలతో వెనక్కి కట్టారు. పట్టుకొచ్చినవాడు మూడో వరసలో ఉండే ట్రామర్. అంటే గనిలో బొగ్గు తొట్లు నెట్టే మనిషి. షిఫ్టు దిగి ఇంటికి పోతే తన మంచం మీద ఎవరో గోడవైపు తిరిగి గురక పెడుతున్నారట. పొయ్యి పక్కన తన కోసం మూతపెట్టిన జొన్న గట్క గిన్నె ఖాళీగా ఉందట. ఆయన భార్య నల్లా నుంచి వచ్చి, మంచం మీద నల్లటి వీపు చూసి, మొగుడు తొందరగా వచ్చి పడుకున్నాడనుకుని పెరట్లో స్నానానికి నీళ్ళు కాగబెడుతోందట.

"దొంగతనానికచ్చినోడు పండుకుంటడా?" అని జమేదారు అడిగాడు.

"గిన్నెడు గట్క తిన్నంక ఎవనికైనా నిద్రస్తది సాబ్" అని గుంపులోంచి ఒకతను అన్నాడు. కొందరు నవ్వారు. ట్రామర్ నవ్వలేదు.

యువకుడు తన సంగతి చెప్పుకున్నాడు. సిరిసిల్ల వైపు నేతపనివాళ్ళు. మగ్గం మీద ఇద్దరి కడుపు నిండక ఇక్కడికి వచ్చి బదిలీ కూలిగా చేరాడు. బదిలీ కూలి రోజూ గని గేటు దగ్గర నిలబడాలి. పనికి రానివాళ్ళ బదులు అక్కడి గుమాస్తా పేరు పిలిస్తేనే ఆ రోజు పని. వేరే ఊరికి పోయిన ఒక బంధువు ఇల్లు వాడుకోమంటే, వారం కిందటే భార్యను తెచ్చుకున్నాడు. ఆ రోజు సైరన్ కంటే ముందే పైకి పంపేస్తే, తన ఇల్లేననుకుని దూరి, భార్య మూతపెట్టిన గిన్నేననుకుని తిని పడుకున్నాడట.

"కొట్టుండ్రి సారు, ఏమన్న అనుండ్రి. కేసు మాత్రం రాయకుండ్రి. కేసున్నదని తెలిస్తే గేటుకాడ నా పేరు పిలువరు. ఆమెను తీస్కొని నేను ఏడికి వోవాలె?"

నేను నక్షా బల్ల మీద పరిచి ఇంటి నంబరు అడిగాను. అతనికి తెలియదు. ఎన్నో వరసో కూడా తడుముకున్నాడు. గుంపులో గొణుగుడు పెరిగింది.

"మరి రోజు ఇల్లెట్ల దొరకవడుతది నీకు?" అని జమేదారు అడిగాడు.

"తలుపు గొళ్ళానికి ఎర్ర నూలు కట్టిన సారు. అది చూసుకొని పోత."

ఆ మాట వినగానే ట్రామర్ ముందుకొచ్చాడు. "నా తలుపుకే ఉన్నది ఎర్ర నూలు. వొద్దుగాల నేను డ్యూటీకి వోయేటప్పుడు లేదు. అంటే వీడే గుర్తు వెట్టుకొని పోయిండు సాబ్."

యువకుడు తన నోటితోనే దొరికిపోయినట్టయింది. ఒక జవాను కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. జమేదారు వాటి వంక చూశాడు. అమీన్ సాబ్ అడిగిన దొంగ ఎదురుగా నిలబడి ఉన్నాడు. రాస్తే ఆయన తలనొప్పి తీరిపోతుంది. ఆయన టోపీ అందుకుని లేచాడు. "పాండ్రి, చూసొద్దాం" అన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు.

మూడో వరస మొదట్లోనే జమేదారు ఆగిపోయాడు. మొదటి తలుపు గొళ్ళానికి ఎర్ర నూలు పోగు ఉంది. పక్క తలుపుకూ ఉంది. ఆ పక్కదానికీ ఉంది. నూలు అందని ఒకరు ఎర్ర చీర అంచు పీలిక కట్టారు. ఇంకొకరు జడ రిబ్బను కట్టారు. ట్రామర్ వరసంతా చూసి తన తలుపు దగ్గరికొచ్చి నిలబడిపోయాడు.

ఇదేమిటని జమేదారు అరుగుల మీది ఆడవాళ్ళను అడిగాడు. ట్రామర్ భార్య తలుపు వెనక నుంచి జవాబు చెప్పింది. "నేనే కట్టిన. దొంగలు రాకుంట మంత్రించిన నూలని అందరు కడుతుంటే నేను గూడ కట్టిన."

మంత్రించింది ఎవరని అడిగితే ఎవరికీ తెలియదు. వెనక వరసలో కొత్తగా వచ్చినవాళ్ళ తలుపుకు నూలు ఉండటం ఎవరో ముందు చూశారు. ఊరికే ఎవరు కడతారు, దొంగల భయానికే కట్టి ఉంటారని అనుకున్నారు. ఆ మాట నల్లా దగ్గర చేతులు మారి, మధ్యాహ్నానికి మంత్రం కూడా వచ్చి చేరింది. నూలు ఎక్కడిదని జమేదారు అడిగాడు.

"ఆ పిల్లనే ఇచ్చింది. అడిగినోళ్ళకల్ల ఇచ్చింది."

వెనక వరసకు వెళ్ళాం. అక్కడ ఒకే ఒక్క తలుపుకు ఎర్ర నూలు ఉంది. చాలా చిన్న వయసు అమ్మాయి గడపలో నిలబడి దారి చూస్తోంది. భర్త పెదవి, కట్టిన చేతులు చూసి గడప దిగి వచ్చింది. జమేదారు ముందు జవాను చేత ఆ తువ్వాల విప్పించాడు. తర్వాత, నూలు అందరికీ ఎందుకు పంచావని మెల్లగా అడిగాడు.

"మగ్గం మీది నూలు కొంత ఎంట తెచ్చుకున్న. అడిగిండ్రు, ఇచ్చిన" అంది. మళ్ళీ తనే చెప్పింది. "వచ్చి వారమైంది. నాతోని ఎవ్వరు మాట్లాడలే. ఇయ్యాల వొద్దుగాల్నుంచి ఒక్కొక్కలు వచ్చి, ఏ ఊరమ్మా, ఏం కూరమ్మా అని అడుగుతుండ్రు. ఎందుకు నూలని నేను అడగలే."

జమేదారు ట్రామర్ వైపు తిరిగాడు. "ఇల్లు నీది. నువ్వు రాయమంటే రాస్త. చెప్పు."

ట్రామర్ ఆ యువకుడి వాచిన పెదవి చూశాడు. వాచేలా కొట్టింది తనే.

"నా గట్క మొత్తం తిన్నడు సాబ్" అన్నాడు.

ఆ అమ్మాయి లోపలికి పోయి, భర్త కోసం దాచిన అన్నం గిన్నె తెచ్చి ట్రామర్ ముందు అరుగు మీద పెట్టింది. పైన పచ్చిపులుసు పోసింది. షిఫ్టు దిగినప్పటి నుంచి ఆయన ఏమీ తినలేదు. వద్దనలేదు. కూర్చుని, బొగ్గు చేతులు కడుక్కుని, అందరి ముందూ తిన్నాడు. జమేదారు జవానును కాగితాలు తీసి పెట్టెయ్యమని చౌకీకి పంపించాడు.

ఆ తర్వాత వచ్చిన అమీన్ సాబ్‌కు చూపించడానికి దొంగ లేడు. జమేదారు పడ్డ తిట్లు పక్క గదిలో నాకు ప్రతి మాటా వినిపించాయి. మూడో వరస సంగతి చెప్పి ఉంటే కొన్ని తిట్లయినా తగ్గేవి. ఆయన చెప్పలేదు. అసలు దొంగ ఎప్పటికీ దొరకలేదు. బిందెలు తిరిగి రాలేదు.

పెయింటర్ కోసం చూడకుండా నేను రోడ్డు పనివాళ్ళ దగ్గర డాంబరు అడిగి తెచ్చి తలుపులకు నంబర్లు రాశాను. నేతపని యువకుడు తన నంబరు ఆకారం నాచేత రెండుసార్లు గీయించుకుని చూసుకున్నాడు. అయినా ఆ పక్కనే ఉన్న ఎర్ర నూలు విప్పలేదు. మిగతావాళ్ళూ విప్పలేదు. ఉంటే పోయేదేముందన్నారు. అందుకని ఆడవాళ్ళే ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. సైరన్ మోగగానే ఎవరి తలుపు దగ్గర వాళ్ళు నిలబడేవాళ్ళు.

నాలుగు రోజుల తర్వాత పని చూసుకుంటూ నేను మూడో వరసలోనే ఉన్నాను. షిఫ్టు దిగినవాళ్ళు వస్తున్నారు. ఆ నల్లటి మనుషుల్లో ఒకడు ఆ వరసలోకి తిరిగి, నూలు చూసి, ట్రామర్ ఇంటి ముందు తటపటాయించాడు. గడపలో నిలబడ్డ ట్రామర్ భార్య నవ్వు ఆపుకుంటూ చెయ్యి చూపింది.

"ఇది గాదన్నా. నీది ఎనుక వరుస. ఆమె జూస్తుంది, పో."