అక్క సాక్ష్యంలో నేను మింగేసిన మాట

పోయిన మంగళవారం పొద్దున్నే మా తోడికోడలు చీరాల ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించింది. ఆ కబురు నాకు మా అబ్బాయి చెప్పాడు. ఆసుపత్రి వాళ్లు ముందు వాడికే ఫోన్ చేశారట. కాయితాల్లో దగ్గరి బంధువు అన్నచోట ఆమె వాడి నంబరే రాయించిందట. నలభై ఏళ్లకు పైగా పక్క గుమ్మంలో బతికిన నన్ను వదిలి నా కొడుకు నంబరు రాయించింది! మనిషి పోయిందన్న దుఃఖం కంటే ముందు ఆ సంగతే నాకు గుచ్చుకుంది. నేను ఇలాంటిదాన్ని. ఇది దాచిపెట్టి ఆమె గురించి ఎంత బాగా రాసినా అది అబద్ధమే అవుతుంది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా ఇంట్లో అత్త కొట్టలేదు, తోడికోడలు నవ్వలేదు. అయినా ఏడుపు మాత్రం నాదే.

మాది పర్చూరు వైపు పల్లె. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె పత్తి తీతలకూ మిరపకోతలకూ కూలికి వెళ్లేది. చదువు లేదు, సంతకం మాత్రం నా దగ్గర నేర్చుకుంది. నేను ఇంటర్ చదివి వచ్చాను. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి పిల్లల్ని కన్నాం. ఆమె పాప మూడు నెలలకే జ్వరంతో పోయింది. పాప పోయిన పది రోజులకు నాకు గుంటూరులో టీచర్ ట్రైనింగు సీటు వచ్చింది. పాలు తాగే పిల్లాణ్ణి వదిలేసి హాస్టల్లో ఎలా ఉంటావని ఇంటిల్లిపాదీ వద్దన్నారు. ఆమె ఒక్కతే వచ్చి రెండు చేతులూ చాపింది.

"ఇట్టా ఇవ్వవే. నువ్వెళ్లి చదువుకో. నా పాలు నేలపాలవుతున్నాయి, వీడైనా తాగుతాడు."

ఇచ్చాను. శనివారాలు బస్సు దిగి పరుగున ఇంటికొస్తే వాడు నన్ను చూసి ఆమె కొంగులో దూరేవాడు. ఆమె వాణ్ణి బలవంతాన నా ఒళ్లో కూర్చోబెట్టి, వాడికి కనపడకుండా దొడ్లోకి వెళ్లిపోయేది. వాడు గుక్కపెట్టి ఏడ్చేవాడు. నాకోసం ఆమె అలా తప్పుకుంటోందని అప్పుడు నాకు తోచలేదు. తన విలువ నాకు తెలిసేలా చేస్తోందనుకుని కుళ్లిపోయాను. వాడికి మాటలొచ్చాక ఆమెను అమ్మా అని పిలిస్తే, "పెద్దమ్మ అనాలిరా, మీ అమ్మ అదుగో" అని ఆమే దిద్దింది. ఆమెకు మళ్లీ కాన్పు రాలేదు.

అందరూ ఆమె ప్రార్థన గురించి గొప్పగా చెబుతారు. నిజానికి ఆమె పెద్దగా ప్రార్థించేదే కాదు. మంచంలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల కాళ్లు పిసుకుతూ, "ప్రభువా, నీకు తెలుసు" అనేది. అంతే. నేను వాక్యాలు వరుసగా ఎత్తి చెప్పి పావుగంట చేసేదాన్ని. జనం మాత్రం ఆమెకే కబురు పెట్టేవాళ్లు. నేను ఎవరి మీదైనా విసుక్కుంటే ఆమె ఒకటే మాట అనేది: "కారం చేత్తో కళ్లు తుడుచుకోకూడదు, కడుపుమంటతో మాట అనకూడదు." ఆ కడుపుమంట ఎవరి మీదో ఆమెకు తెలుసో లేదో!

నేను రిటైరయ్యాక మా సంఘం నుంచి కొందరిని ఆఫ్రికాలో మలావీ అనే దేశానికి సువార్త పనికి పంపాలనుకున్నారు. ఇంగ్లీషు తెలిసిన ఆడమనిషినని ముందుగా నా పేరే చదివారు. ఆ సంతోషం నాకు వారం నిలిచింది. తర్వాతి ఆదివారం పాస్టరుగారు ఆమె పేరూ చదివారు. నా పేరుకు ఊరుకున్న జనం ఆమె పేరుకు చప్పట్లు కొట్టారు.

"అక్క ఏం మాట్లాడుతుందండీ అక్కడ?" అన్నాను పాస్టరుగారితో, నవ్వు ముఖం పెట్టుకుని.

"మాట్లాడ్డానికి మీరున్నారు కదమ్మా. ఆమె ఊరికే ఉంటే చాలు" అన్నారాయన. ఆ మాట నాకు చాలా రోజులు అరగలేదు.

అక్కడ మొదటిరోజే మొక్కజొన్న పిండి ముద్ద పెట్టారు. నేను చెంచా అడిగాను. ఆమె ముద్ద తుంచి, "ఓసి, ఇది మన సంకటే కదే!" అంటూ చేత్తో తినేసి, ఇంకాస్త పెట్టమని ఆకుకూర గిన్నె చూపించింది. వండినవాళ్లు ఒకరినొకరు చరుచుకుని నవ్వారు. నేను రాత్రులు కూర్చుని రాసుకున్న ప్రసంగం, ఆడపిల్లల చదువు మీద, ఇంగ్లీషులో చదువుతుంటే ముందు వరుసలో ఇద్దరు కునికారు. మూడోరోజు పొద్దున ఆమె కనపడలేదు. చర్చి వెనక పత్తి చేలో ఉంది. కొంగు ఒడి కట్టుకుని రెండు చేతులతో తీస్తోంది. ఆ ఊరి ఆడవాళ్లు ఆమెతో పోటీ పడి తీస్తున్నారు. మన భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష ఈమెకు రాదు, అయినా చేను చేనంతా గోల. మా వాళ్లు తీసిన ఫొటోలన్నింటిలో ఆమే ఉంది.

చివరిరోజు సాయంత్రం ప్రార్థన కూడికలో ఆమెను సాక్ష్యం, అంటే దేవుడు తనను నడిపించిన తీరు, చెప్పమన్నారు. ఆమె తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడి పాస్టరు దాన్ని వాళ్ల భాషలో చెప్పాలి. కూలి బతుకు, కరువు, భర్త జబ్బు చేసి పోవడం, అన్నీ సరిగానే చెప్పాను. తర్వాత ఆమె ఇలా అంది:

"నా పాప మూడు నెలలకే పోయిందమ్మా. రొమ్ములు గడ్డకట్టి జ్వరం. చచ్చిపోదామనుకున్నా. అప్పుడు మా చెల్లెలి కొడుక్కి పాలిచ్చా. రెండేళ్లు నా రొమ్ము తాగాడు."

నా కొడుకు ఆమె పాలు తాగి పెరిగిన సంగతి ఆ దేశంలో కూడా చెప్పాలా? ఇక్కడా నేను బిడ్డను వదిలేసి పోయినదాన్ని, ఆమె తల్లి కావాలా? ఇంగ్లీషులో రెండే ముక్కలు అన్నాను. ఈమె బిడ్డ చనిపోయింది, దేవుడు ఆదరించాడు.

ఆమె మాట ఇంకా అయిపోలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది.

"కడుపున పుట్టినవాణ్ణి నమ్మి నా చేతుల్లో పెట్టింది. ఇదిగో, ఈమే. నన్ను బతికించింది ఈ నా చెల్లెలు."

అక్కడి పాస్టరు నా ముఖం వైపు చూస్తున్నాడు. పాల సంగతి మింగేశాక ఈ మాట ఎలా చెప్పను? అన్నింటికీ దేవునికి వందనాలు చెబుతోంది అన్నాను. ఆయన అదే చెప్పాడు. ఆమె చెయ్యి నా భుజం మీదే ఉంది.

వ్యానులో పక్కన కూర్చుని మోచేత్తో పొడిచింది.

"ఏమే టీచరమ్మా, నేనంత పొడుగు చెప్తే నువ్వు ఇంత పొట్టిగా చెప్పావేం? ఇంగ్లీషు అంత పిసినారి భాషా?"

"దాంట్లో అంతేనక్కా."

"సర్లే. దేవుడికి తెలుగు వచ్చులే" అని కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. రోజూ నా గుమ్మంలోకి వచ్చి టీ తాగింది. అక్కా, ఆరోజు నేను నీ మాట మింగేశాను అని చెప్పడానికి నాకు ఒక్క సాయంత్రం కూడా నోరు రాలేదు. ఆమెకు తెలుసేమో, తెలియదేమో. తెలిసినా అడిగే మనిషి కాదు.

ఆమె పోయిన మూడోరోజు ఆదరణ కూడిక పెట్టాం. షామియానా కింద చాప మీద మా అబ్బాయి కూర్చున్నాడు. మట్టి చేసి వచ్చినప్పటి నుంచి వాడు అన్నం ముట్టలేదు. నేను పోతే వీడు ఇంతగా ఏడుస్తాడా అని చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేనిదాన్ని, ఆరోజు కూడా అదే లెక్క. అంతలో మలావీ నుంచి ఆ పాస్టరు వీడియోలో పలకరించాడు. ఆయన వెనక ఆడవాళ్లు గుంపుగా కూర్చున్నారు. మా పాస్టరుగారు ఫోను నా చేతిలో పెట్టి, "ఇంగ్లీషు మీకే కదమ్మా" అన్నారు.

వాళ్లు చెప్పిన ఆదరణ మాటలు తెలుగులో మావాళ్లకు చెప్పాను. ఆయన ఇక ఉంటానన్నాడు. ఆగమన్నాను. ఆమె సాక్ష్యంలో నేను మీకు చెప్పనిది ఒకటుంది అన్నాను. పాప పోయిన సంగతి దగ్గర మొదలుపెట్టి పాలు, రెండేళ్లు, నా భుజం మీద చెయ్యి, నన్ను బతికించింది ఈ చెల్లెలే అన్న మాట, అన్నీ వరుసగా చెప్పాను. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను, అసూయ అనే మాటతోనే. ఆయన వెనక్కి తిరిగి వాళ్ల భాషలో చెప్పాడు. ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో నాకు తెలియదు. నమ్మాలి, అంతే.

ఒక ముసలామె లేచి ఏదో అడిగింది.

"ఆ బిడ్డ ఉన్నాడా అని అడుగుతోంది" అన్నాడు పాస్టరు.

నేను ఫోను మా అబ్బాయి వైపు తిప్పాను.

"ఇతనే ఆమె కొడుకు" అన్నాను ఇంగ్లీషులో. ఇంగ్లీషు మా వాడికీ వచ్చు. తలెత్తి ముందు ఫోను వైపు కాదు, నా వైపు చూశాడు.

ఆ చిన్న తెర మీద ఆడవాళ్లు ఒకరి భుజం మీంచి ఒకరు వంగి వాణ్ణి చూస్తున్నారు. చెయ్యి నొప్పి పుడుతున్నా నేను ఫోను దించలేదు.