దొర వేషంలో మా మేనేజరు

హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన మా ఆఫీసులో ఈ సాయంత్రం నాటకం రిహార్సల్ జరిగింది. ఒక పాత నవలలో, దొర దొంగతనం అంటగట్టినా నోరెత్తని పనిమనిషి ఉంటుంది. ఆమె వైపు నుంచి ఆ కథను నాటకంగా తిరగరాశాను. ఆ వేషం మా అంతస్తు ఊడ్చే యాదమ్మది, దొర వేషం మా మేనేజరుది.

"దొంగతనం నేను చెయ్యలే దొరా!" అని యాదమ్మ గట్టిగా అంది. మేనేజరు తన డైలాగు చెప్పలేదు. ఆమెను ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, సారు కోపానికొచ్చిండా? రేపు డ్యూటీకి రావాల్నా, వద్దా?"

"అది ఉత్త నాటకమే, భయపడకు" అన్నాను.

"గా ముచ్చట సారుకు ఎరుకేనా?"

ఆమె నోట ఆ డైలాగు పెట్టిన నాకే, రేపు ఆయన గదిలోకి వెళ్లి యాదమ్మ డ్యూటీ సంగతి అడగడానికి ధైర్యం చాలడం లేదు. మీరైతే అడిగేవారా?