సినిమా పాట కింద మా ఆయన

మా ఇంటి బేస్‌మెంట్‌లో రికార్డింగ్ జరిగే రోజు మిక్సీ వేయకూడదు. కుక్కర్ పెట్టకూడదు. బాత్రూమ్‌లో నీళ్ళు వదలాలన్నా కిందికి చెప్పి వదలాలి. అన్నిటికంటే కష్టం, హీటర్ ఆపేస్తారు. ఆ గొట్టాల్లోంచి వచ్చే గాలి చప్పుడు మైకులో పడుతుందట. జనవరి నెలలో, అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఈ నోవైలో హీటర్ ఆపితే ఎట్లా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. రెండు స్వెట్టర్లు తొడుక్కుని, పైన మా అల్లుడి పాత జాకెట్టు వేసుకుని వంటగదిలో కుర్చీలో కూర్చుంటాను. నడిస్తే చెక్క నేల కిర్రుమంటుంది కాబట్టి నడవను.

రికార్డింగ్ ఒక బ్యాండుది, అందులో మా మనవరాలు వయొలిన్ వాయిస్తుంది. బ్యాండు మాత్రం కెనడా వాళ్ళది. డెట్రాయిట్‌లో నది ఒడ్డున నిలబడితే అవతల కనిపించే ఊరు విండ్సర్. మిగతా ముగ్గురూ ఆ ఊరివాళ్ళు. ఇవతలి ఒడ్డు పిల్ల మా మనవరాలు ఒక్కతే. వాళ్ళ వెనక పెద్ద కంపెనీ ఏదీ లేదు. పాట కట్టుకునేది వాళ్ళే, పాడేది వాళ్ళే, వ్యాను నడిపేది వాళ్ళే, చొక్కాల మీద బొమ్మ వేయించి అమ్ముకునేది వాళ్ళే. అట్లాంటి వాళ్ళను ఇండీ అంటారని మనవరాలు చెప్పింది. మా తెనాలి వైపు ప్రతి బ్యాండూ అట్లాంటిదే. దానికి మళ్ళీ ఒక పేరు ఉంటుందని నాకు తెలియదు.

వాళ్ళు మా ఇంటికి ఎందుకు వచ్చారంటే, విండ్సర్‌లో వాళ్ళు సాధన చేసుకునే గది కార్లు బాగుచేసే షెడ్డుకు ఆనుకుని ఉంది. పగలంతా సుత్తి దెబ్బలు. సాయంత్రాలు చేసుకుందామంటే ఒకళ్ళకు కుదిరితే ఒకళ్ళకు కుదరదు. పాడే పిల్లది ఎర్ర జుట్టు. కాఫీ షాపులో పనిచేస్తుంది, ఆవిరి తగిలి ముంజేతి మీద ఎప్పుడూ ఒక బొబ్బ ఉంటుంది. డ్రమ్ము వాయించేవాడు పార్సిళ్ళు పంచుతాడు. అందుకని శనాదివారాలు పొద్దున్నే వంతెన దాటి మా ఇంటికి వచ్చేవాళ్ళు. వాళ్ళ వ్యానుకు ఒక తలుపు బయటినుంచి రాదు. లోపలినుంచి ఎవరో పాకి వచ్చి తీయాలి. ముందు సామాన్లు దిగుతాయి, తర్వాత మనుషులు దిగుతారు. ఆ దిగడం చూస్తే నాకు మేళం ట్రాక్టరు గుర్తొచ్చేది.

మా ఆయన బ్యాండు మేళంలో క్లారినెట్టు ఊదేవాడు. ఊరేగింపు ముందు ఎర్రకోటు వేసుకుని నడుస్తారే, వాళ్ళలో ముందు వరస. ఆ కోటు చెమటకు ఉప్పుకట్టి అట్టలాగా నిలబడేది. ముప్ఫై ఏళ్ళు ఉతికాను దాన్ని. ఆయన పోయి ఏడేళ్ళయింది. క్లారినెట్టు మేళం వాళ్ళకే ఇచ్చేశాను, పెట్టెలో పడి ఉండటం ఆయనకు నచ్చదని. కోటు కూడా ఇచ్చాను. తర్వాత మా అమ్మాయి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది.

ఫొటోలు ఉన్నాయి. కానీ ఆయన ఊదిన చప్పుడు నా దగ్గర లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. నాకు సంతకం వరకే చదువు కాబట్టి, మా వీధిలో అద్దెకుండే ఎమ్మెస్ చదివే అమ్మాయి నేను చెబుతుంటే రాసిపెడుతోంది. లేకపోవడం ఏమిటి, అన్ని పెళ్ళిళ్ళకు వాయించాడు కదా, అన్ని వీడియోల్లో ఉంటాడు కదా అని ఆ అమ్మాయి కూడా అడిగింది. ఉంటాడు. మనిషి ఉంటాడు. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని ఊదుతూ ఉంటాడు. కానీ మన పెళ్ళి వీడియోల్లో మేళం చప్పుడు ఉంచరు. వీడియో తీసినవాడు దాన్ని తీసేసి మీద సినిమా పాట వేస్తాడు. ఎన్ని పెళ్ళిళ్ళ క్యాసెట్లు చూసినా, మా ఆయన ఊదుతుంటాడు, ఎవరో హీరోయిన్ పాడుతుంటుంది.

ఆయన ఉన్న రోజుల్లో నాకు అది ఒక లోటని తోచలేదు. ఇంట్లో మనిషి ఊదుతుంటే క్యాసెట్టు ఎందుకు.

ఒకసారి డెట్రాయిట్‌లో వీళ్ళ ప్రోగ్రాముకు నన్ను తీసుకెళ్ళి చొక్కాలు అమ్మే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ చొక్కాలు ముందే మా ఇంటికి పార్సిల్లో వస్తాయి. సైజుల వారీగా మడతపెట్టడం నా పని. వాయించేవాళ్ళు నలుగురు. వినేవాళ్ళు పదకొండు మంది, అందులో మా అమ్మాయీ నేనూ. ఆ పదకొండు మందీ పెదవి కదపకుండా విన్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మా ఆయన చుట్టూ ఎప్పుడూ అయిదారు వందల మంది. ఒక్కడు నిలబడి విన్న పాపాన పోలేదు. పందిట్లో మేళానికి ఆఖరి బంతి. కూరలు అడుగంటిన తర్వాత పిలిచేవాళ్ళు. ఇంట్లో నేను అన్నం మూతపెట్టి ఉంచేదాన్ని.

రికార్డింగ్ చేసే ఆయన యాభై దాటిన మనిషి. బోడిగుండు, తెల్ల గడ్డం. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పుతాడు. పెరుగన్నం చెంచాతో తింటాడు, ఆవకాయ మాత్రం వేలితో నాకుతాడు. రెండో వారమో మూడో వారమో నేను మెట్ల మీద నిలబడి చూస్తుంటే రమ్మని పిలిచి, పెద్ద హెడ్‌ఫోన్స్ నా చెవులకు పెట్టాడు.

ఎర్ర జుట్టు పిల్ల పాట. పాట మొదలయ్యే ముందు ఆ పిల్ల గుటక మింగింది. అది వినిపించింది. పెదవులు విడిపడటం వినిపించింది. మా మనవరాలి వయొలిన్ తీగ మీద ఆ కర్ర ఆనడం, గరగరమని, స్వరం పుట్టకముందు. కుర్చీ కిర్రుమంది. నేను హెడ్‌ఫోన్స్ తీసి, ఇవన్నీ తీసేయరా, తప్పులు కదా అని మనవరాలిని అడిగాను.

"మిస్టేక్ కాదు అమ్మమ్మా. మాకు ఇష్టం అది. కావాలనే ఉంచుతాం," అంది.

ఊపిరితో సహా ఉంచుతారట. నేను పైకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన చప్పుడు కూడా ఎక్కడైనా మిగిలి ఉంటుందా అన్న ఆశ నాకు పుట్టింది అప్పుడే. అంతకుముందు అట్లాంటి ఆశ పెట్టుకోవచ్చని కూడా తెలియదు.

ఒక్క చోట ఉంది. మా చెల్లెలి కూతురి పెళ్ళి క్యాసెట్టు. చాలా ఏళ్ళ కిందట మా చెల్లెలి ఇంట్లో అందరం కూర్చుని చూస్తున్నాం. పెళ్ళికూతుర్ని తీసుకొస్తుంటే ముందు మేళం నడుస్తోంది. ఒక సినిమా పాట అయిపోయింది, రెండోది ఇంకా మొదలు కాలేదు. ఆ సందులో అసలు చప్పుడు వచ్చేసింది. వచ్చి పోయింది. మా ఆయన తొడమీద కొట్టుకుని నవ్వాడు.

"చూశావటే, ఇక్కడొక్కచోట నన్ను కప్పెట్టడం మర్చిపోయాడు వాడు," అన్నాడు.

చెల్లెలికి ఫోన్ చేశాను. క్యాసెట్టు ఉందంది, కానీ బూజు పట్టి ఉంటుందంది. రోజుకు రెండుసార్లు ఫోన్ చేశాను. నీకేమైనా పిచ్చా అక్కా అని విసుక్కుంది కూడా. చివరికి వాళ్ళబ్బాయి గుంటూరులో ఎవరిచేతో శుభ్రం చేయించి, కంప్యూటర్లోకి ఎక్కించి పంపాడు. ఫోన్లో పెట్టుకుని వింటే ఆ సందులో గలగలమనడం తప్ప ఏమీ తెలియలేదు. మనవరాలు దాన్ని రికార్డింగ్ ఆయనకు ఇచ్చింది. ఆయన విండ్సర్ తీసుకెళ్ళాడు.

ఆ వారమంతా నేను ఏం వండానో నాకే తెలియదు. ఒకరోజు సాంబారులో ఉప్పు వేయలేదని మా అమ్మాయి అంది, మర్నాడు పప్పులో రెండుసార్లు వేశానంది.

శనివారం వచ్చారు. ఆ రోజు ముందు నా పనే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఎర్ర జుట్టు పిల్ల నా పక్కన నేల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. హెడ్‌ఫోన్స్ పెట్టారు. క్లారినెట్టు వచ్చింది. నున్నగా, తియ్యగా, కొత్త గిన్నె మీద కొట్టినట్టు. ఒకటే క్లారినెట్టులాగా ఒక వరస ముగిసింది. అంతే.

అది మా ఆయన కాదు.

మేళంలో ఇద్దరు ఊదేవాళ్ళు. రెండో ఆయన కూడా మంచివాడే, చెయ్యి తిరిగినవాడే. ఇది ఆయనదై ఉంటుంది, మా ఆయన ఆ క్షణంలో ఆగి ఉంటాడు అనిపించింది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ పెట్టారు. అయిదారుసార్లు విన్నాను. వెయ్యిమంది ఊదినా మా ఆయన్ని గుర్తుపడతానని ఎంతమందితో అన్నానో. వీధి చివర ఉండగానే తెలిసేది నాకు. ఇప్పుడు చెవుల్లో పెట్టి వినిపిస్తుంటే తెలియడం లేదు.

"షూర్ ఆ అమ్మమ్మా? తాతయ్య కాదా?" అంది మనవరాలు.

కాదని తల ఊపి, మెట్లెక్కి వచ్చేశాను. తర్వాత హీటర్ ఆగింది. వాళ్ళ పని వాళ్ళు మొదలుపెట్టారు.

చలిలో కూర్చుని ఆయన్ని తలుచుకుందామని చూశాను. ముఖం వస్తోంది, ఆ బుగ్గలు వస్తున్నాయి, చప్పుడు రావడం లేదు. ఏడేళ్ళలో పోయిందా, ఇప్పుడు ఆ నున్నటి చప్పుడు చెవిలో పడి పాతదాన్ని చెరిపేసిందా అని భయమేసింది. అడగకుండా ఉంటే బాగుండేదనుకున్నాను. 

అప్పుడు కిందినుంచి ఎర్ర జుట్టు పిల్ల పాడటం మొదలుపెట్టింది. పాడే ముందు ఊపిరి పీల్చింది. చెక్క నేల కింద ఉన్నా, గాలి గొట్టంలోంచి ఆ ఊపిరి నాకు తెలిసింది. తెలియగానే మా ఆయన ముక్కు గుర్తొచ్చింది.

పెళ్ళికి ముందు ఎప్పుడో ట్రాక్టరు కుదుపుకు పెద్ద బాకా ఒకటి వెళ్ళి ఆయన ముక్కుకు తగిలింది. ఎముక వంకర పోయింది. అప్పటినుంచి ఊపిరి పీలిస్తే సన్నగా బుస్సుమనేది. మేళం వాళ్ళు "పాము వచ్చింది, జాగ్రత్తరోయ్" అని ఏడిపించేవాళ్ళు. ప్రతి వరస ఎత్తుకునే ముందు ఒక బుస. నేను వీధి చివర ఆయన్ని గుర్తుపట్టింది స్వరాన్ని బట్టి అనుకున్నాను ఇన్నాళ్ళూ. పొద్దున సాధన చేసుకుంటుంటే పొయ్యి దగ్గర కూర్చుని ఆ బుస కోసమే చెవి పెట్టేదాన్నని, అది వచ్చాకే గరిటె తిప్పేదాన్నని, అప్పుడు తెలిసింది.

పాట అయ్యేదాకా ఆగలేకపోయాను. దిగి వెళ్ళాను. మెట్లు కిర్రుమన్నాయి, వాళ్ళ పాట చెడింది. నేను మనవరాలితో అన్నాను.

"ఆయన్ని అడగవే. ఈ పిల్ల ఊపిరి దాచిపెట్టాడు కదా. మా ఆయన ఊపిరి ఏం చేశాడు?"

అది ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ముందు నావైపు చూశాడు, తర్వాత మొహం ఎర్రబడింది. నా కోసమని వారమంతా కూర్చుని ఆ చప్పుడును ఉతికి ఆరేసినట్టు శుభ్రం చేశాడట. గిన్నెల మోత తీసేశాడు, పిల్లల ఏడుపు తీసేశాడు. చివర బుస్సుమని ఒకటి ఉంటే క్యాసెట్టు లోపం అనుకుని అదీ తీసేశాడు. అది తీయడానికే ఎక్కువ సేపు పట్టిందట.

గుంటూరు నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంచాడు వేరే చోట. అది పెట్టాడు.

ఎవరో నీళ్ళు తెమ్మని అరుస్తున్నారు. గిన్నెలు. చంటిపిల్ల ఏడుపు. రెండు క్లారినెట్లు వరస ముగించాయి, డ్రమ్ము దబ్‌మని ఆగింది. ఆ తర్వాత, నా చెవిలోనే ఉన్నట్టు, బుస. ఆయనే. వెంటనే సినిమా పాట వచ్చి మీద పడింది.

మొత్తం ఆరు సెకన్లని చెప్పారు. నేను ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఉంటే రికార్డింగ్ ఆయన విసుగు లేకుండా పెడుతూనే ఉన్నాడు. రెండో క్లారినెట్టుతో కలిసి ఊదింది కూడా మా ఆయనే అని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఊపిరి తర్వాత తాతయ్య ఏం వాయించేవాడు అని మనవరాలు అడిగింది. నాకు తెలుసు. పెళ్ళికూతురు పందిట్లోకి అడుగుపెట్టేటప్పుడు ఆయన ఎప్పుడూ ఒకటే ఎత్తుకునేవాడు. కానీ నాది పొలం గట్టున నిలబడి కేకలేసిన గొంతు, అది నా గొంతులో పలకదు. అదే చెప్పాను. అప్పుడు రికార్డింగ్ ఆయన ఏదో అన్నాడు. ఈ రోజుల్లో ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుళ్ళను విడదీయవచ్చట. సినిమా పాటను పైనుంచి లాగేస్తే కింద మా ఆయన ఉండవచ్చట.

వాళ్ళ పాట ఆ రోజు జరగలేదు. మధ్యాహ్నమంతా ఆయన దాని మీదే కూర్చున్నాడు. నేను పులిహోర కలిపి కిందికి పంపాను. మిగతావాళ్ళు తిన్నారు, ఆయన తినలేదు. చివరికి ఆయనే పైకి వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి, చేతులు చాపి తల అడ్డంగా ఊపాడు. మనవరాలు చెప్పింది. కింద ఏమీ లేదట. వీడియోవాడు కప్పలేదు, తుడిచేశాడు.

ఆ పెద్దమనిషి కళ్ళు చూసి, కూర్చోమని కుర్చీ చూపించి, మూతపెట్టి ఉంచిన పళ్ళెం ముందుకు జరిపాను.

వాళ్ళ పాటల పని అయిపోయింది, వ్యాను వేసుకుని కెనడా అంతా తిరుగుతున్నారు ఇప్పుడు. ఆ ఆరు సెకన్లు నా ఫోన్లో పెట్టి ఇచ్చారు. సినిమా పాట పడేచోట కట్ చేసి ఇస్తానంది మనవరాలు. వద్దన్నాను. ఎవరూ లేనప్పుడు హీటర్ ఆపేసి, జాకెట్టు వేసుకుని కూర్చుని వింటాను. నీళ్ళు తెమ్మంటారు, పిల్ల ఏడుస్తుంది, డ్రమ్ము ఆగుతుంది, ఆయన ఊపిరి తీసుకుంటాడు. అక్కడ నేను వేలితో ఆపేస్తాను. మొదట్లో వేలు ఆలస్యమై పాట ముక్క పడేది. ఇప్పుడు పడటం లేదు.