ఇద్దరికి సరిపోయే ప్యాకెట్

ప్యాకెట్ మావయ్యకి ఒక్కటే పట్టింపు. రెండో మనిషి దొరికితే తప్ప కూర ప్యాకెట్ చింపడు. ఆకలితో కడుపు వీపుకి అంటుకుపోయినా సరే, చింపడు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. అత్తయ్య పోయాక వంటింటి అలమార నిండా రెడీమేడ్ ప్యాకెట్లు పేర్చుకున్నాడు: రాజ్మా, పాలక్ పనీర్, శనగల కూర, పప్పు. కుక్కర్లో ఇంత అన్నం పడేస్తే ఆయన వంట అయిపోయినట్టే. ఆ ఇంట్లోనే ఉంటూ ఆస్పత్రి ల్యాబులో పనిచేసే మేనకోడలికి, వచ్చిన మొదటి రోజే సంగతి తెలిసింది.

"ఏడున్నరైంది, ఇంకా తినలేదేంటి మావయ్యా?"

"ఎలా తినను? ప్యాకెట్ మీద ఇద్దరికి అని అచ్చేశారు. నేనొక్కణ్ణేగా ఉన్నాను!"

"సగం తిని సగం ఫ్రిజ్‌లో పెట్టు."

"ఓసి పిచ్చిదానా! ఇద్దరంటే ఇద్దరు మనుషులే. ఫ్రిజ్ మనిషా?"

ఆమె క్యాంటీన్లో తినొచ్చేది. తిన్నవాళ్ళు లెక్కలోకి రారట. అందుకని మావయ్య రోజూ వేటకి బయల్దేరేవాడు. ఓసారి ఫ్యాను బిగిస్తున్న ఎలక్ట్రీషియన్ని నిచ్చెన మీంచి దింపేశాడు.

"రెండే స్క్రూలు సార్, అయిపోయింది!"

"స్క్రూలు చల్లారవు. కూర చల్లారుతుంది. దిగవయ్యా!"

ఇంకోసారి పాలసీ అంటగట్టడానికి ఇన్సూరెన్స్ ఏజెంటు వచ్చాడు. శనగల కూర తిని, చెయ్యి కడుక్కుని, పాలసీ ఊసే ఎత్తకుండా దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వడ్డన చూస్తే నవ్వాపుకోలేం. ముందు ప్యాకెట్ వెనకున్నదంతా తీర్పు చదివినట్టు చదివేవాడు. "వేడినీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచవలెను. బాణం గుర్తు వద్ద చింపవలెను. ఇద్దరికి!" తర్వాత కాటా తెచ్చి కూరని గ్రాములతో సహా సగం చేసేవాడు. పనీర్ ముక్కలు ఏడొస్తే నాలుగు అవతలి కంచంలోకి వెళ్ళేవి. బేసి ముక్క ఇంటికొచ్చినవాళ్ళదేనట, అది ఆయన చట్టం.

మేనకోడలికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. "ఏడు దాటితే మన మెట్ల మీద ఎవరూ తిరగట్లేదు, తెలుసా?"

"ఆకలి లేనివాళ్ళని నేనూ పట్టుకోనులే," అనేవాడు మావయ్య.

పై అంతస్తులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉండేది. భర్త పోయి రెండు నెలలైంది. తలుపు తీసేది కాదు, పొయ్యి వెలిగించేది కాదు. మనిషి సగమైపోయింది. ఒక సాయంత్రం మావయ్య రాజ్మా ప్యాకెట్‌తో వెళ్ళి తలుపు కొట్టాడు.

"నాకు ఆకలి లేదండీ," అందావిడ.

"నాకుందమ్మా! మీరు రాకపోతే నాకూ పస్తే. ఇద్దరికి అని రాశారు, కావాలంటే చూడండి."

ఆవిడ ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగిచ్చి తలుపేసుకుంది.

మావయ్య నిజంగానే ఆ పూట పస్తున్నాడు. మర్నాడూ తలుపు కొట్టాడు, మర్నాడూ పస్తే. అసలే షుగరు మనిషి. మేనకోడలు హడలిపోయి, ఆ రోజు తినకుండా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ నేనూ తినలేదు. చింపు మావయ్యా."

"ఇది పైనావిడ కోసం తీసిన ప్యాకెట్. మధ్యలో మనిషిని మార్చడానికి వీల్లేదు."

"కళ్ళు తిరిగి పడిపోతే?"

"పడితే మీ ఆస్పత్రికే వస్తాగా!"

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మూడో సాయంత్రం, పైకెళ్ళి ఆవిడ కాళ్ళైనా పట్టుకుందామని తలుపు తీసింది. ఎదురుగా టీచరమ్మే నిలబడి ఉంది.

"ఎక్కడాయన? ఈ వయసులో పస్తులేంటి? బుద్ధుందా అసలు? పెట్టమను, తిని పోతాను!"

మావయ్యకి ఎక్కడ లేని ఓపికా వచ్చేసింది. నీళ్ళు మరిగాయి, తీర్పు వినిపించింది, కాటా దిగింది. టీచరమ్మ మొదటి నాలుగు ముద్దలు కోపంగా తిన్నది. తర్వాతవి ఆకలిగా తిన్నది. ఆఖరికి, "ఇంకొంచెం అన్నం వెయ్యండి," అంది. మావయ్య కోట జయించినవాడిలా మీసం దువ్వుకున్నాడు.

గిన్నెలు సర్దుతూ మేనకోడలు ఖాళీ ప్యాకెట్ తిప్పి చూసింది. వెనక చిన్నక్షరాల్లో ఉంది: "ఒక్కరికి." గబగబా అలమార తెరిచింది. రాజ్మా, పనీర్, పప్పు, అన్నిటి మీదా ఒక్కరికే! పది గ్రాములు తగ్గితే దుకాణాలవాళ్ళని కంటతడి పెట్టించిన మనిషి ఇన్నాళ్ళూ సగం కడుపుతో లేచాడన్నమాట. ఎలక్ట్రీషియన్ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదనీ, ఏజెంటు మొహం పీక్కుపోయి ఉందనీ ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

టీచరమ్మని పైదాకా దిగబెడుతూ ఆగలేక చెప్పేసింది. ఆవిడ ఫక్కున నవ్వింది.

"ముప్పై ఏళ్ళు పిల్లల కాపీ చీటీలు పట్టుకున్నదాన్నే! మొదటి రోజే చదివాను. అబద్ధమాడితే ఆడాడు గానీ, నిజంగానే పస్తుంటున్నాడని వాచ్‌మన్ చెప్పాక భయమేసింది. ఆయనకింత తినిపిద్దామనే వచ్చాను. నేను చదివానని చెప్పకేం!"

మర్నాడు ఆదివారం. ఏడు కొట్టేసరికి టీచరమ్మ తనే ఒక ప్యాకెట్ కొనుక్కుని దిగింది. కళ్ళజోడు పెట్టుకుని, తరగతిలో నిలబడినట్టు నిలబడి గట్టిగా చదివింది.

"వేడినీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచవలెను. ముగ్గురికి! ఏమే అమ్మాయ్, నువ్వూ కంచం తెచ్చుకో."

మావయ్య ప్యాకెట్ అందుకుని లైటు కిందికి తీసుకెళ్ళి, వెనకవైపు తిప్పి, చాలాసేపు చూశాడు. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో తప్పుడు కొలతకి ఒక్కసారి కూడా సంతకం పెట్టి ఎరగడాయన.

"అవునండీ," అన్నాడు. "ముగ్గురికే."