తుపాకుల మీద మా సార్ పెట్టిన డిబేట్

మా సార్ పోయారన్న కబురు సోమవారం పొద్దున మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి చదివాను. నమస్కారాలు, సంతాపాలు వస్తున్నాయి. కాసేపటికి ఎవడో "ఏమైనా ఆ తుపాకుల డిబేట్‌లో గెలిచింది మేమే" అని పెట్టాడు. ఇంకేముంది, గ్రూపంతా మళ్లీ రెండు ముక్కలైంది! కళ్లు తుడుచుకుంటూనే నేనూ నాలుగు మెసేజీలు కొట్టాను. సార్ చూసి ఉంటే ఎంత సంబరపడేవారో!

కెనడాలోని ఒషావాలో ఆయన మాకు కమ్యూనికేషన్స్ చెప్పేవారు. కర్నూలు మనిషి. అమెరికాలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత కెనడా వచ్చారు. మేం చేరిన ఏడాది కాలేజీలో ఎటు తిరిగినా మనవాళ్లే. కాఫీ క్యూలో నిలబడితే ముందు కాకినాడ, వెనక ఖమ్మం. క్లాసులో మాత్రం ఒక్కరికీ నోరు పెగిలేది కాదు. అది చూసి సార్ శుక్రవారం సాయంత్రాలు ఖాళీ క్లాస్‌రూమ్ ఒకటి అడిగి తీసుకుని, తెలుగులో డిబేట్లు పెట్టారు. "ముందు మన భాషలో భయం లేకుండా వాదించండమ్మా. ఇంగ్లీషు దానంతట అదే దారికొస్తుంది" అనేవారు. జేబు నిండా వేయించిన వేరుశనక్కాయలు తెచ్చి, ఓడినవాళ్లకు గుప్పెడు ఎక్కువ పెట్టేవారు. ఓడినోళ్లకే ఆకలెక్కువట!

ఆయన గదిలో చేతులెత్తి ఓటెయ్యడం ఉండేది కాదు. అనుకూలం వాళ్లు కిటికీ వైపు, వ్యతిరేకం వాళ్లు తలుపు వైపు కూర్చోవాలి. మధ్యలో మనసు మారితే కుర్చీ ఎత్తుకుని అటు పోవచ్చు. నేను గొంతు చించుకుంటుంటే నా పక్కవాడే కుర్చీతో సహా జారుకోవడం చూస్తే ఒళ్లు మండేది! అంతకన్నా కష్టమైన నియమం ఇంకొకటుంది. ఎదుటి మనిషి మాటను ముందు మనమే చెప్పాలి. ఆ మనిషి "అవును, నేనన్నది ఇదే" అని ఒప్పుకుంటేనే మన వాదన మొదలుపెట్టాలి.

ఆ చలికాలం సార్ ఇచ్చిన విషయం, కాలేజీ క్యాంపస్‌లో లైసెన్సున్నవాళ్లు తుపాకీ దాచుకుని తిరగొచ్చా అని. సరిహద్దు అవతల అమెరికాలో అప్పట్లో దాని మీదే గొడవ. "ఇక్కడ చట్టం ఒప్పుకోదులే. కాబట్టి మనం నింపాదిగా ఆలోచించొచ్చు" అన్నారు సార్. నాది వ్యతిరేకం. అనుకూలంగా మాట్లాడేది నా రూమ్మేట్ సుష్మ, నల్గొండ పిల్ల.

సుష్మకు అది ఉత్త డిబేట్ కాదు. అంతకు కొద్ది రోజుల ముందు, కాఫీ షాపులో షిఫ్టుకు పోతుంటే బస్టాప్‌లో ఒకడు మెడ పట్టుకుని బ్యాగు లాక్కుపోయాడు. అప్పటినుంచి షిఫ్టుకు పోవడం మానేసింది. సెమిస్టర్ వదిలేసి ఇంటికి పోతానంటోంది. నేను మాత్రం ఇంటర్ కాలేజీ అలవాటు కొద్దీ నా పాయింట్లన్నీ పొల్లు పోకుండా బట్టీ పట్టి, యుద్ధానికి పోయినట్టు పోయాను.

సుష్మ లేచింది. మొదట మెల్లగా మొదలుపెట్టి, తర్వాత నిప్పులు కురిపించింది. "సెక్యూరిటీ ఉంది అంటరు. యాడుంది? వాడు ఉరికినంక వచ్చిండు సెక్యూరిటీ! నా చేతుల ఏముండె? ఇంటి తాళంచెవి!" కిటికీ వైపు చప్పట్లు మోగిపోయాయి. మావాళ్లలో ముగ్గురు కుర్చీలెత్తుకుని అటు పోయారు, ద్రోహులు!

నా వంతు వచ్చింది. "తుపాకులుంటే నేరాలు తగ్గుతాయంటున్నావు" అన్నాను.

"నేను గట్ల అన్లే."

గదంతా నవ్వు. "వాణ్ని భయపెట్టాలంటున్నావు."

"గది గూడ గాదు."

బట్టీ పట్టినదంతా హుష్‌కాకి! సార్ వెనక బెంచీలోంచి "ఆ పిల్ల మొహం చూసి చెప్పమ్మా" అన్నారు. చూశాను. "నీకు ఒంటరిగా నడవాలంటే భయమేస్తోంది. తుపాకీ ఉంటే కనీసం ఏదో ఒకటి తోడున్నట్టు ఉంటుంది" అన్నాను.

"అవును. గదే" అంది సుష్మ.

అప్పుడు మొదలుపెట్టాను. "సరే, నీ దగ్గరొకటి ఉంది. ఈ గదిలో అందరి కోట్లలోనూ ఒక్కొక్కటి ఉంది. ఇప్పుడు ఆ తలుపు ధడాలున మూసుకుందనుకో, ఎవరు ఎవరిని కాలుస్తారు?" రెండు కుర్చీలు వెనక్కి వచ్చాయి. అరుపులు, కేకలు. కారిడార్‌లో పోయేవాళ్లు లోపలికి తొంగి చూశారు. అంత హుషారు నేను మళ్లీ ఏ మీటింగులోనూ ఎరగను!

సుష్మ సార్ వైపు తిరిగింది. "మీరు అమెరికాల చూసిన్రు గద సార్. మీరెటు దిక్కు?"

సార్ ఎప్పుడూ తన పక్షం చెప్పేవారు కాదు. ఆ రోజు చెప్పారు. "మా కాలేజీలో ఒకావిడ బ్యాగులో తుపాకీ పెట్టుకునేది. మాజీ భర్త వెంటపడేవాడు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంకో రోజు ఒక కుర్రోడు మార్కులు తక్కువొచ్చాయని నా గదికొచ్చి, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, దాని జిప్పు మీద చెయ్యేసి కూర్చున్నాడు. బ్యాగులో ఏముందో నాకు తెలీదు. మార్కులు పెంచాను. న్యాయంగా పెంచానో భయపడి పెంచానో ఇప్పటికీ తెలీదమ్మా. ఆ తర్వాత అక్కడ పాఠం చెప్పబుద్ధి కాలేదు."

సుష్మ తన కుర్చీ ఎత్తి గది నడిమధ్యన వేసుకుంది. "గన్ను ఒద్దు సార్. గానీ నా భయం పోలే. ఇయ్యాల మల్ల షిఫ్టుకు రమ్మన్నరు. బస్టాప్ దాంక ఎట్ల పోవాలె?"

సార్ లేచి కోటు తొడుక్కున్నారు. "ఇంకేముంది, పదండి" అన్నారు.

ఆమె ఆ సెమిస్టర్ వదిలిపెట్టలేదు. షిఫ్టున్న ప్రతి రోజూ ఎవరో ఒకరం వెంట నడిచాం, ఎక్కువసార్లు సారే.

ఆ మొదటి సాయంత్రం మాత్రం గది గదంతా కదిలింది. మంచు పడుతోంది. కిటికీ వైపు వాళ్లూ తలుపు వైపు వాళ్లూ కలగలిసి, వాదించుకుంటూనే నడిచాం. బస్సు వచ్చింది. ఇంతమందిని చూసి డ్రైవరు బిత్తరపోయాడు. ఎక్కింది సుష్మ ఒక్కతే. చలికి మేమంతా చేతులు జేబుల్లో దాచుకున్నాం. సార్ మాత్రం గ్లౌజులైనా లేని రెండు చేతులూ పైకెత్తి, బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూ నిలబడ్డారు.