ప్రశ్నల డబ్బాలో నా చీటీ

నా చిన్నప్పుడు ‘తెలీదు’ అనే మాట నా నోట వచ్చేది కాదు. తెనాలిలో మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా, ఎవరి గేదె ఈనినా, వివరాలు కావాలంటే నన్నే పిలిచేవాళ్ళు. మా నాన్నమ్మ నన్ను ‘మా ఇంటి రేడియో’ అనేది. అది పొగడ్తే అనుకుని పొంగిపోయేదాన్ని. ఇప్పుడు యాభై దాటాక ఆ మాట గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా సరే తల వంచుకుంటాను. ఎందుకో చెప్పాలంటే మా సోషల్ టీచరు గురించి చెప్పాలి.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడాది ఆవిడ మా ఆడపిల్లల బడికి కొత్తగా వచ్చింది. రేపల్లెలో అత్తగారింట్లో ఉంటూ రోజూ పొద్దున్నే రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. చేతిలో ఆకుపచ్చ వైరు బుట్ట, అందులో గొడుగు, టిఫిన్ డబ్బా, వాటితోపాటు ఒక పాత బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బా మూతకి కత్తితో చిన్న చీలిక కోసి ఉండేది. వారమంతా మాకు తోచిన ప్రశ్నలు చీటీల మీద రాసి అందులో వేయాలి. పేరు రాయక్కర్లేదు. శుక్రవారం ఆఖరి పీరియడులో డబ్బా తెరిచి, ఒక్కొక్క చీటీ చదివి జవాబు చెప్పేది. అన్నిట్లోకీ మంచి ప్రశ్నని నల్లబల్ల పైమూలన రాసేది. వారం దాకా దాన్ని ఎవరూ చెరపకూడదు. లెక్కల టీచరైనా సరే, దాని కిందే రాసుకోవాలి.

అంతకుముందు మాకు చరిత్ర అంటే రాజులూ, వాళ్ళు చేసిన యుద్ధాలూ. ఆ డబ్బా వచ్చాక మా క్లాసుకి పిచ్చి పట్టినట్టయింది. రాజుగారి బట్టలు ఎవరు ఉతికారు? టీవీ వచ్చాక సాయంత్రాలు అరుగుల మీద ఎవరూ ఎందుకు కూర్చోవటం లేదు? రైలు లేనప్పుడు రేపల్లె నుంచి తెనాలి రావటానికి ఎన్ని రోజులు పట్టేది? ఒకసారి నేను, మిరపకాయ ఎప్పటి నుంచి తింటున్నాం అని రాశాను. మిరపకాయ మనది కాదనీ, కొన్ని వందల ఏళ్ళ కిందట ఓడల్లో వచ్చిందనీ, అంతకుముందు కారం అంటే మిరియాలేననీ చెప్పింది ఆవిడ. గుంటూరు జిల్లా పిల్లలకి చెప్పాల్సిన మాటేనా అది? సగం మంది నమ్మలేదు. నేను ఇంటికి పరిగెత్తుకెళ్ళి నాన్నమ్మకి చెబితే, ‘‘మీ టీచరుకి ఆవకాయ పెట్టటం చేతకాదేమోలే’’ అని నవ్వింది. ఆ వారం నల్లబల్ల మూలన నా మిరపకాయే ఉంది.

నల్లబల్ల మూల నాకే ఎక్కువసార్లు దక్కేది. మా నాన్న పొన్నూరులో ఒక రైసుమిల్లులో గుమాస్తా. అక్కడ పనికిరాని గులాబీరంగు కాగితాలు ఇంటికి తెచ్చేవారు. వాటి వెనకవైపు ఖాళీగా ఉండేది. నా చీటీలన్నీ వాటి మీదే.

దసరా సెలవులు దాటేసరికి టీచరుకి ఏడో నెల. నిలబడి పాఠం చెప్పటం మానేసి కుర్చీ లాక్కుని కూర్చునేది. రైల్లో చోటు దొరకని రోజున పాదాలు వాచి ఉండేవి. మా ఇంట్లో వెనక వాటా ఖాళీగా ఉందని చెప్పింది నేనే. చెప్పి, ఆవిడ మొహం వెలిగిపోవటం చూసి, ఊరికి ఉపకారం చేసినంత గర్వపడ్డాను. బుధవారం బడి వదలగానే నాతోపాటు మా ఇంటికి వచ్చింది. నాన్నకి నచ్చింది, సరేనన్నారు, తాళంచెవి కూడా అప్పుడే ఇచ్చేశారు. ఆదివారం గుడికెళ్ళొచ్చాక సామాను తెచ్చుకుంటానంది. ‘గుడి’ అన్న మాటకి అర్థం ఎవరికి తోచినట్టు వాళ్ళం చెప్పుకున్నాం. పరదా కుట్టుకోవటానికి కిటికీని జానలతో కొలుచుకుంది. పొద్దుటి ఎండ లోపలికి వస్తుందా అని అడిగింది. ‘‘పిల్లకి కామెర్లొస్తే ఎండ మంచిదంటారు కదా మామ్మగారూ’’ అంది.

వైరు బుట్టలోంచి ఒక అత్తం చక్కెరకేళీ అరటిపళ్ళు తీసి ఇచ్చింది. కొల్లూరు లంకల్లో వాళ్ళన్నయ్య పండించినవట. నాన్నమ్మ అక్కడే రెండు తిని, ఇంత తీపి ఈ మధ్య తినలేదంది. ‘‘పురిటికి మీ అమ్మ రాలేకపోతే దిగులు పడకమ్మాయ్, నేను లేనూ?’’ అంది. ఊరికే అనలేదు. మా వీధిలో ఎందరి పురుళ్ళకో రాత్రింబవళ్ళు కూర్చున్న మనిషి ఆవిడ. నాన్నమ్మని చెడ్డదిగా చూపిస్తే నా పని తేలికవుతుంది. కానీ ఆవిడ చెడ్డది కాదు.

టీచరు వెళ్ళగానే, ‘‘మొహాన బొట్టు లేదు, చూశావురా?’’ అంది నాన్నతో.

‘‘క్రిస్టియన్సు అయ్యుంటారు. అయితే ఏంటమ్మా?’’ అన్నారు నాన్న.

‘‘అయితే నాకేంటి? వాళ్ళల్లోనూ మనవాళ్ళున్నారుగా. ఏమిట్లో తెలియాలి కదా.’’

ఏమిట్లు. కులం అడగటానికి మా వైపు వాడే మర్యాద మాట అది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళని, పెళ్ళి భోజనాల్లో ఎదురుపడ్డవాళ్ళని, ‘మీరేమిట్లండీ’ అని ‘అండీ’ చేర్చి మరీ అడుగుతారు. టీచరుగారిని అలా అడగటం బాగోదనీ, తను అడగననీ, నాన్నమ్మ కూడా అడగకూడదనీ నాన్న గట్టిగానే చెప్పారు. నాన్నమ్మ ఊరుకుంది. మర్నాడు పొద్దున నాకు జడ వేస్తూ, ‘‘ఓడలూ మిరపకాయలూ అన్నీ అడుగుతావుగా, ఈ ఒక్క ముక్క కనుక్కోలేవుటే?’’ అంది. దాంతో నాకు పౌరుషం వచ్చింది.

ఎదురుగా అడగటానికి నోరు రాలేదు. డబ్బా ఉందిగా మరి. ‘మీరు ఏమిట్లు, టీచర్?’ అని ఎడమచేత్తో వంకరటింకరగా రాసి, గురువారం ఇంటర్వెల్లులో చీలికలోంచి వేసేశాను. ఎవరు రాశారో తెలియదు కదా అని ధీమా. ఎడమచేత్తో రాసే తెలివి ఉంది కానీ, కాగితం మార్చాలన్న తెలివి లేకపోయింది.

శుక్రవారం ఆవిడ మొదట నాలుగైదు చీటీలు చదివి జవాబులు చెప్పింది. తర్వాత గులాబీరంగు చీటీ విప్పింది. చదివింది. మడిచింది. మళ్ళీ విప్పింది. బరువుగా లేచి, నల్లబల్ల పైమూలన ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు రాసింది.

‘‘బల్ల మీద ఏదో ఉందనుకోండి. అదేంటి అని అడుగుతాం. తలుపు దగ్గర ఒక మనిషి నిలబడితే?’’

‘‘ఎవరు అంటాం టీచర్’’ అని క్లాసంతా అరిచింది.

‘‘వస్తువుకి ఏమిటి, మనిషికి ఎవరు. ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు ఇది. మరి ‘ఏమిట్లు’ అని మనిషిని అడుగుతున్నామేంటి?’’

ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. దానిలో ‘ఏమిటి’ ఉందని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

ఆవిడ కోపంగా చెప్పలేదు. మిరపకాయ గురించి చెప్పినట్టే చెప్పింది. రోజూ తన రైలు భట్టిప్రోలు మీదుగా వస్తుందనీ, అక్కడి పాత బౌద్ధ స్తూపం దిబ్బలో దొరికిన రాతిపెట్టెల్లో ఒకదాని మీద ఒక తండ్రి, ఒక తల్లి, వాళ్ళ కొడుకు కలిసి దాన్ని చేయించినట్టు రాసుందనీ చెప్పింది. రెండు వేల ఏళ్ళు మట్టిలో ఉండి బయటపడ్డ ఆ రాత, ఎవరు చేయించారో చెబుతుందట. వాళ్ళు ఏమిట్లో చెప్పదట.

తర్వాత, ‘‘డబ్బాలో పడ్డ ప్రశ్నకి జవాబు చెప్పకుండా నేనెప్పుడూ రైలెక్కలేదు కదా’’ అని చిన్నగా నవ్వింది. ‘‘మాది మాలపల్లె. మా తాత లంకల్లో ఒకళ్ళింట పాలేరు. మా నాన్న చర్చి బడిలో చదువుకుని మేష్టరయ్యాడు. నేను మీ టీచర్ని. ఈ చీటీ రాసిన పిల్ల భయపడక్కర్లేదు. ఈ ప్రశ్న ఆ పిల్లది కాదు, చాలా పాతది.’’

చీటీని మడిచి డబ్బాలో పెట్టుకునేటప్పుడు ఆ గులాబీరంగు నాకు కొట్టొచ్చినట్టు కనపడింది. ‘ఆ పిల్ల’ ఎవరో ఆవిడకి మొదటే తెలుసు. తెలిసి కూడా నా వైపు చూడలేదు.

పిల్లలకేం తెలుస్తుందిలే అని ఎవరైనా నన్ను క్షమించబోతే నేను ఒప్పుకోను. బడి నుంచి ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంటలో నాకు అంతా అర్థమైంది. నేను చెబితే ఏమవుతుందో తెలుసు. చెప్పకపోతే ఆదివారం సామాను దిగుతుందనీ, కిటికీకి పరదా వస్తుందనీ తెలుసు. వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న నాన్నమ్మ తలెత్తి, ‘‘కనుక్కున్నావుటే?’’ అంది. తెలీదు అంటే సరిపోయేది. మూడక్షరాలు. కానీ నాన్నమ్మ అడిగింది, నా దగ్గర జవాబుంది. తెలిసినదాన్ని తెలీదనటం నాకు అలవాటు లేదు. పల్లె, తాత, పాలేరుతనం, అన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. పరీక్షలో చెప్పినట్టు చెప్పాను.

నాన్నమ్మ ఒక్క చెడ్డ మాట అనలేదు. ‘‘అయ్యో, మంచిపిల్లే’’ అని నిట్టూర్చింది. తర్వాత లేచి లోపలికెళ్ళి, మిగిలిన చక్కెరకేళీలు తెచ్చి గేదె కుడితి తొట్టిలో వేసింది. బుధవారం తిన్నవాటి గురించి ఎవరం మాట్లాడలేదు. పసుపుపచ్చటి పళ్ళు తవుడు నీళ్ళలో తేలుతుంటే చూస్తూ నిలబడ్డాను. రాత్రి నాన్న విషయం విని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు ఎప్పుడూ లేనిది, తెల్లారకుండానే మొదటి బస్సుకి పొన్నూరు వెళ్ళిపోయారు.

శనివారం పొద్దున టీచరు స్టేషను నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. బుట్టలో కొత్త చీపురు ఉంది. బడి వేళకి ముందు గది ఊడ్చుకుందామని. నాన్నమ్మ గేటు తెరవకుండా, చాలా మర్యాదగా, ‘‘మా మేనల్లుడు వాళ్ళు వస్తామంటున్నారమ్మా, ఏమీ అనుకోకు’’ అంది. మా నాన్నమ్మకి మేనల్లుళ్ళు లేరు. ‘‘పర్లేదండి మామ్మగారూ’’ అంది టీచరు. తాళంచెవి తీసి, నాన్నమ్మ చెయ్యి చాపుతుందేమోనని కూడా చూడకుండా, గేటు పక్క గోడ మీద పెట్టింది. అలా పెట్టాలని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు కాబోలు. చీపురు బుట్టలోనే ఉంది. నేను స్తంభం చాటున ఉన్నాను. ఆవిడ వెళ్ళాక నాన్నమ్మ, ‘‘ఆ తాళంచెవి తీసుకురావే’’ అంది. తెచ్చింది కూడా నేనే.

వారమంతా నల్లబల్ల పైమూలన నా ప్రశ్న అలాగే ఉంది. ‘మీరు ఏమిట్లు, టీచర్?’ దాని కిందే లెక్కలు, దాని కిందే తెలుగు పద్యం. మా లీడరు చెరపబోతే టీచరే వద్దంది. నియమం నియమమే. ఆవిడ నన్ను ఎప్పటిలాగే ప్రశ్నలు అడిగింది. నేను మాత్రం డబ్బాలో మళ్ళీ చీటీ వేయలేదు. ఇంకో నెల ఆవిడ ఆ రైల్లోనే, వాచిన కాళ్ళతో, వస్తూ పోతూ పాఠం చెప్పింది. తర్వాత సెలవు పెట్టింది. ఆడపిల్ల పుట్టిందన్నారు. బాపట్ల వైపు బదిలీ చేయించుకుందన్నారు. మా వెనక వాటా ఆ ఏడాదంతా ఖాళీగానే ఉంది.

తొంభైల్లో ఒకసారి, నాకు పెళ్ళయ్యాక, బాపట్ల స్టేషనులో ఆవిడని చూశాను. అదే పొడుగు, జుట్టు కొంచెం నెరిసింది. పక్కన పదేళ్ళ పిల్ల. నేను మొహం తిప్పుకుని పుస్తకాల బండి వైపు నడవబోయాను. ఆవిడే పిలిచింది. ‘‘గులాబీ చీటీల పిల్లవి కదూ!’’ అంది సంతోషంగా. ఎన్నో ఏళ్ళుగా సర్ది పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ చెప్పలేదు. బాగున్నారా టీచర్ అన్నాను, అంతే. ఆ పిల్ల నన్ను కింద నుంచి పైకి చూసి, అమ్మ కొంగు లాగి, ‘‘ఎవరమ్మా?’’ అని అడిగింది. ‘‘నా స్టూడెంటు. భలే ప్రశ్నలు అడిగేది’’ అంది టీచరు. నా రైలు ఇంకా రాలేదు. అయినా వచ్చిందని చెప్పి అక్కణ్ణుంచి వచ్చేశాను. ‘ఎవరు’ అని అడిగింది ఆ పిల్ల. ఆ వేళ ఆ మాటకి నేను తగననిపించింది.

ఇప్పుడు నేనుండేది బాపట్లలోనే. మొన్న మా మేడ మీద వాటాలోకి కొత్తగా ఒక కుటుంబం దిగింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, గొంతు తగ్గించి, ‘‘పైవాళ్ళు ఏమిట్లండీ?’’ అని అడిగింది.

‘‘తెలీదండి’’ అన్నాను.

‘‘మీ ఇంట్లో అద్దెకుండేవాళ్ళ సంగతి మీకు తెలియకపోవటమేంటండీ!’’ అని నవ్విందావిడ.

తెలుసు. పైవాళ్ళమ్మాయి మాటల్లో తనంతట తనే చెప్పింది. అయినా, ‘‘తెలీదండి’’ అన్నాను మళ్ళీ. ఆ రోజు వసారాలో చింతపండు ముందు కూర్చున్న నాన్నమ్మకి చెప్పాల్సిన జవాబు అది.